గోడల చుట్టూ తిరిగే ఊరు

(తెన్నేటి విశ్వనాథం స్మారక ఉపన్యాసం)

రెండు బస్సులు మారి ఈ సభకు వచ్చిన మిత్రులకు, బండి ఎక్కడ నిలపాలో తెలియక ఇదే వీధిలో చుట్లు కొట్టి ఇప్పుడే లోపలికొస్తున్న మిత్రులకు నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది మీ గురించే కాబట్టి ఆలస్యానికి మొహమాటపడక్కర్లేదు. ముందు వరుసలో ఖాళీలున్నాయి, రండి.

తెన్నేటి విశ్వనాథం గారు 1895లో పుట్టి 1979లో వెళ్లిపోయారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లినవారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆర్థికశాఖ చూశారు. పంతులుగారి ఆత్మకథ ‘నా జీవితయాత్ర’లో చివరి భాగం రాసి దాన్ని పూర్తిచేసిందీ ఆయనే. 1967లో ఈ విశాఖపట్నం ఆయన్ని లోక్‌సభకు పంపింది. ఇవన్నీ పక్కన పెట్టినా ఈయన్ని మనం తలుచుకోవడానికి 1966 ఒక్కటి చాలు. ఆ ఏడాది ఉక్కు ఉద్యమానికి ముందు నిలిచిన పెద్దల్లో ఆయన ఒకరు. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టాలని అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు, నవంబరు మొదటి తేదీన ఈ పట్నంలోనే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది.

ఆయన్ని పొగడటానికి నాకు అర్హత లేదు, ఆయనకు అవసరమూ లేదు. ఆయన తరం ఫ్యాక్టరీ తెచ్చింది. ఫ్యాక్టరీ కూర్చున్న భూమి చుట్టూ మన రోజువారీ బతుకు ఎలా నడవాలో తేల్చే పని తరవాతి వాళ్లది, అంటే మనది. ఆ పని మనం సరిగా చెయ్యలేదన్నది నా అభియోగం. యారాడను సాక్షిగా పిలుస్తాను.

1. కొండ అవతలి ఊరు

పాత పట్నంలో రాస్ హిల్ ఎక్కి దక్షిణానికి చూడండి. కింద పోర్టు ఛానెల్, దానికవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, కొండ మీద లైట్‌హౌస్. ఆ కొండ వెనకే యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. కాకి దారిన లెక్కేస్తే పాత పట్నం నుంచి అయిదారు కిలోమీటర్లు. బస్సు దారిన రెండింతలకు పైనే. ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, సింధియా చేరి, గోడల పక్కనుంచి హార్బరు మొత్తాన్ని చుట్టి, కాన్వెంట్ జంక్షన్ దాకా వస్తేగాని పట్నంలో పడ్డట్టు కాదు.

బయటివాళ్లకు యారాడ అంటే బీచ్. ఆదివారం పొద్దున కార్లు వరసకట్టి ఘాట్ ఎక్కుతాయి, సాయంత్రానికి దిగిపోతాయి. ఊళ్లో ఉండేవాళ్ల లెక్కలు వేరు. ఇంటర్ చదివే పిల్ల రేపటి నుంచి ఎక్కడికి వెళ్లాలి? అర్ధరాత్రి నొప్పులొస్తే పట్నంలో కేజీహెచ్ ఆసుపత్రి‌కి ఎంతసేపు? రాత్రి షిఫ్టు దిగినవాడు ఇంటికి ఎట్లా చేరాలి? ఇట్లాంటి ఊళ్లో కాస్త స్తోమత ఉన్న కుటుంబం మొదట కొనేది మోటార్ సైకిల్. దాన్ని మనం సరదా అంటాం, కుర్రకారు జోరు అంటాం. అప్పు చేసి కొన్న ఆ బండి ఆ ఇంటికి సరదా ఏమీ కాదు.

నా వాదన ఇది. పొద్దున్నే బస్సెక్కాలా, బండి తియ్యాలా, నడిచి పోవాలా అన్నది మన ఇష్టమనుకుంటాం. ఆ ఇష్టంలో పెద్ద వాటా ఎప్పుడో, ఏ భూమిని దేనికి కేటాయించాలో ఎవరో సంతకం పెట్టిన రోజునే తేలిపోయింది. మనకు మిగిలింది చిల్లర.

2. సంతకాలు

ఆ సంతకాల చరిత్రను గబగబా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బరు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో జలఉషను నెహ్రూ నీళ్లలోకి దింపారు. కంపెనీ పోయింది, జంక్షన్‌కి సింధియా పేరు ఉండిపోయింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1967లో కోరమాండల్ ఎరువులు, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, ఆ తరవాత జింకు, ఉక్కు. 2009లో గంగవరం పోర్టు. వీటిలో చాలావరకు హార్బరుకు పడమరా దక్షిణమూ పడ్డాయి.

ఇంకోవైపు చూడండి. కేజీహెచ్ 1923 నుంచి మహారాణిపేటలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టి, కొన్నేళ్లకే బెజవాడ నుంచి వాల్తేరు మెట్ట మీదికి వచ్చింది. కలెక్టరాఫీసు, కోర్టులు, పెద్ద బజార్లు, సినిమా హాళ్లు, అన్నీ ఈ ఒడ్డునే. అంటే ఒక ఒడ్డున పని, ఇంకో ఒడ్డున చదువు, వైద్యం, కాగితం. మధ్యలో నీళ్లు, నీళ్ల చుట్టూ ప్రహరీలు.

ఇందులో కుట్ర ఏమీ లేదు. ఓడకు లోతు కావాలి, రిఫైనరీకి ఓడ కావాలి, నేవీకి కొండ చాటు కావాలి. ఒక్కో నిర్ణయం విడివిడిగా చూస్తే సబబే. అన్నింటినీ ఒకే పటం మీద పరిచి, వీటి మధ్య మనుషులు రోజూ ఎలా తిరుగుతారని అడిగినవాళ్లే లేరు. పట్టణాభివృద్ధి సంస్థ ‘వుడా’ 1978లో వచ్చింది. అప్పటికే పెద్ద ముక్కలన్నీ పంచడం అయిపోయింది.

3. గోడ చేసే పని

1959లో వాల్టర్ హాన్సెన్ అనే ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒక చోటు నుంచి ఎన్ని అవసరాలు ఎంత సులువుగా అందుతాయో కొలవవచ్చు, ఆ అందుబాటును బట్టే ఊరు పెరుగుతుందని చెప్పాడు. రోడ్డు మీద బండి ఎంత వేగంగా పోతోందన్నది కాకుండా, గడప దాటినవాడికి ఏం అందుతోందన్నది చూడమన్నాడు. అప్పటినుంచి చాలామంది చాలా ఊళ్లలో లెక్కలు కట్టారు. 2010లో ఈవింగ్, సర్వెరో అనే ఇద్దరు ఆ అధ్యయనాలన్నీ కలిపి చూశారు. వాళ్లు తేల్చిన వాటిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. జనం కిక్కిరిసి ఉన్నంత మాత్రాన నడక పెరగదు. ఇళ్లూ దుకాణాలూ పనులూ కలిసిమెలిసి ఉండాలి, వీధులు చాలాచోట్ల ఒకదాన్నొకటి కలుసుకోవాలి. అప్పుడు జనం నడుస్తారు.

వాళ్లు చూసింది ఎక్కువగా అమెరికా ఊళ్లు. మన దగ్గర నడిచేవాళ్లలో చాలామంది ఇంకో దారి లేక నడుస్తారు, కాబట్టి ఆ అంకెల్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు. కానీ వీధులు కలవడమన్న మాటను పట్టుకుని మల్కాపురం నుంచి సింధియా మీదుగా నేవీ డాక్‌యార్డు వైపు ఒకసారి నడవండి. పక్కన గోడ. గోడ అయ్యాక ఇంకో గోడ. అడ్డవీధి లేదు, కిళ్లీకొట్టు లేదు, నీడ లేదు, కూర్చోడానికి అరుగు లేదు. ఒక గేటు నుంచి ఇంకో గేటుకు మధ్య మనిషికి ఏ పనీ లేదు. అక్కడ నడిచేవాడు లేకపోవడం వింత కాదు. ఆ గోడల లోపలా బయటా జనం తక్కువేమీ కాదు, శ్రీహరిపురం, మల్కాపురం ఎంత ఇరుకో మీకు తెలుసు. కిక్కిరిసిన పేట ఉంది, పక్కనే వేలమందికి పని ఉంది. మధ్యలో దారి లేదు.

ఇప్పుడు ఎంవీపీ కాలనీ చూడండి. సెక్టార్లుగా గీసిన కాలనీయే. గీసినవాళ్లు ఇళ్లకు గీశారు. తరవాత కింద గదులు దుకాణాలయ్యాయి, టిఫిన్ బండ్లు వచ్చాయి, ట్యూషన్లు వచ్చాయి, రైతుబజారు వచ్చింది. రైతుబజారుకు చుట్టుపక్కల సెక్టార్ల వాళ్లు సంచీ పట్టుకుని నడిచే వస్తారు. అదే కుటుంబం మధురవాడ అవతల గేటున్న అపార్టుమెంటుకు మారిందనుకోండి, కొత్తిమీర కట్టకు కూడా స్కూటర్ తీస్తుంది. మనిషి మారలేదు, జీతం మారలేదు, బద్ధకం కొత్తగా రాలేదు. చుట్టూ ఉన్న భూమి మారింది. (ముందు వరుసలో నవ్వుతున్నవారు ఏ కాలనీ వారో నేను అడగను.)

యారాడ విషయంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఆటో డ్రైవర్లు మనకంటే బాగా చెబుతారు. సాయంత్రం సింధియాలో ఆటో ఆపి యారాడ అనండి. “రిటర్న్ ఖాళీ సార్” అంటాడు. రానూపోనూ డబ్బు అడుగుతాడు. అందులో అతని తప్పు లేదు. మామూలు రోజున యారాడ నుంచి బయటికి పోవడానికి వంద పనులున్నాయి, బయటినుంచి యారాడకు రావడానికి పని లేదు. పొద్దున నిండుగా పోయే బండి ఖాళీగా రావాలి, సాయంత్రం దానికి ఎదురు. ఆదివారం అంతా తిరగబడుతుంది, ఊరి జనానికి అప్పుడు సీటు దొరకదు. ఆర్టీసీకీ ఇదే లెక్క. ఒకవైపు నిండి ఇంకోవైపు ఖాళీగా తిరిగే రూటులో ట్రిప్పులు పెంచమంటే ఏ డిపో మేనేజరైనా నీళ్లు నములుతాడు. ట్రిప్పులు తగ్గితే జనం బండ్లు కొంటారు. బండ్లు కొంటే బస్సు ఇంకా ఖాళీ అవుతుంది. ఇది బస్సు జబ్బులా కనిపిస్తుంది గాని దీని మూలం భూమిలో ఉంది. పనులన్నీ ఒకే వైపు పోగుపడ్డ ఊళ్లో రెండు వైపులా నిండే బస్సు ఉండదు.

కూర్మన్నపాలెం దగ్గర స్టీల్‌ప్లాంటు గేటులో షిఫ్టు మారే వేళ నిలబడితే ఇదే కథ పెద్ద తెర మీద కనిపిస్తుంది. గేటు లోపల ఉక్కునగరం ఉంది. సెక్టార్లు, బళ్లు, ఆసుపత్రి, దుకాణాలు, చెట్ల కింద రోడ్లు. అక్కడ క్వార్టర్స్‌లో ఉన్న ఉద్యోగి పిల్లలు సైకిలు మీద బడికి పోగలరు. గేటు బయట ఉండే కాంట్రాక్టు కార్మికుడు అదే కొలిమి దగ్గర పనిచేస్తాడు, గాజువాకలోనో అగనంపూడిలోనో అద్దెకుంటాడు, షేర్ ఆటో వెనక వేలాడుతూ వస్తాడు. చక్కగా ప్లాను వేసిన నేల ఎంత మేలు చేస్తుందో మన జిల్లాలోనే రుజువుంది. ఆ మేలు గోడ లోపలివాళ్లకే దక్కింది.

4. ఇల్లు కదిలితే

ఉక్కు ఫ్యాక్టరీకి ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. పదులకొద్దీ పల్లెలు లేచిపోయాయి. భూమి పోయినవాళ్లకు ఇచ్చిన ఆర్ కార్డు అన్న మాట ఈ సభలో ఎవరికీ వివరించక్కర్లేదు. ఆ కార్డు మీద ఉద్యోగం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని ఇప్పటికీ మాట్లాడుతున్నాం. మాట్లాడాలి కూడా. కానీ ఇంకో నష్టం ఏ కార్డులోనూ ఎక్కలేదు. పల్లెలో ఉన్నప్పుడు పొలానికీ చెరువుకూ బడికీ గుడికీ నడిచే పోయినవాళ్లకు పునరావాస కాలనీలో ప్రతిదానికీ చార్జీ తగులుకుంది. పరిహారం లెక్కల్లో ఎకరానికి ఇంత అని ఉంది, చెట్టుకు ఇంత అని ఉంది. పోయిన నడకకు ధర లేదు.

గంగవరంలో ఈ గాయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. చేపల వేటకు పోయేవాడికి ఇల్లూ పనిచోటూ ఒకటే తీరం. తెల్లవారుజామున గాలి చూసి తెప్ప తోసేవాడు సముద్రానికి కూతవేటు దూరంలో ఉండాలి. వలా ఇంజనూ తెప్పా ఒడ్డున ఉండాలి, వాటి మీద కన్ను ఉండాలి. పోర్టు వస్తుందన్నప్పుడు ఆ ఊరివాళ్లు ఎందుకంత తిరగబడ్డారో దూరంగా ఉన్న చాలామందికి అర్థం కాలేదు. పక్కా ఇల్లు ఇస్తామంటే వద్దంటారేమిటని పత్రికల్లో ఆశ్చర్యపోయారు. పక్కా ఇంటి నుంచి సముద్రానికి ఎట్లా పోవాలన్నది వాళ్ల ప్రశ్న. అప్పటిదాకా ప్రయాణం అన్నదే లేని వృత్తికి మనం ప్రయాణం అంటగట్టాం.

పట్నంలోనూ ఇదే చేశాం. మురికివాడల నుంచి ఖాళీ చేయించిన వాళ్లకు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద మధురవాడ, కొమ్మాది అంచుల్లో ఇళ్లు కట్టారు. తరవాతి ప్రభుత్వాలు ఇచ్చిన ఇళ్ల స్థలాలూ నేల చౌకగా దొరికిన చోటనే, అంటే ఊరికి ఇంకా దూరంగా పడ్డాయి. ఇల్లు ఇవ్వడం మంచిపనే, దాన్ని తీసిపారెయ్యను. కానీ నాలుగు ఇళ్లలో పాచిపని చేసుకునే ఆవిడ ఏం పోగొట్టుకుంటుందో చూడండి. పొద్దున ఒక ఇంట్లో గిన్నెలు తోమి, తన ఇంటికొచ్చి పిల్లకు అన్నం పెట్టి బడికి పంపి, మళ్లీ ఇంకో ఇంటికి, మధ్యలో రేషను, సాయంత్రం కూరలు. ఇదంతా నడిచే దూరంలో అల్లుకున్న బతుకు. పదిహేను కిలోమీటర్ల అవతలికి మార్చితే ఆ అల్లిక విడిపోతుంది. నాలుగిళ్లలో రెండు ఇళ్లు పోతాయి.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులు చాలావరకు ఉచితమయ్యాయి. నాకు సంతోషమే. చేతి డబ్బు మిగలడం చిన్న విషయం కాదు, మొగుణ్ణి అడక్కుండా బస్సెక్కడం అంతకంటే పెద్ద విషయం. అయితే టికెట్టు సున్నా అయినంత మాత్రాన దూరం సున్నా కాదు. మగవాళ్ల ప్రయాణం చాలావరకు ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఆడవాళ్ల ప్రయాణంలో నాలుగు మజిలీలుంటాయి. నాలుగు మజిలీలు నాలుగు దిక్కుల్లో పడేటట్టు నేల పంచి, ప్రతి దిక్కుకూ ఉచిత బస్సు ఎక్కమంటే, మనం ఆవిడ డబ్బు మిగిల్చి ఆవిడ రోజును తినేసినట్టు.

5. మీరు అడగబోయే ప్రశ్నలు

ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది జనం ఇష్టమే కదా, నడవాలనుకునేవాడు ఎంవీపీలోనే ఉంటాడు, కారు కావాలనుకునేవాడు కొమ్మాది పోతాడు, ఇందులో భూమి చేసిందేమిటని అడుగుతారు. గట్టి ప్రశ్నే, పరిశోధకులు దీని మీద ఏళ్లకేళ్లు తన్నుకున్నారు. నిజం కొంత ఉంది. కానీ ఆ ప్రశ్న ఎంపిక చేసుకోగలిగిన స్తోమత ఉన్నవాడికే వర్తిస్తుంది. యారాడలో పుట్టినవాడు, ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని కాలనీకి వచ్చినవాడు, లాటరీలో స్థలం వచ్చిన ఆవిడ, వీళ్లు ఏ బ్రోషరూ చూసి ఎంచుకోలేదు.

రోడ్లు వెడల్పు చేస్తే సరిపోదా అన్నది రెండోది. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఫ్లైఓవర్ కట్టారు, అంతకు ముందు అక్కడ పడ్డ నరకం గుర్తున్న వాణ్ణి కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ 1970లలో యాకోవ్ జహావి అనే ఇంజనీరు ఎన్నో నగరాల లెక్కలు చూసి ఒక మాట చెప్పాడు. మనిషి రోజుకు సుమారు గంటసేపు ప్రయాణానికి కేటాయిస్తాడు, దారి వేగం పెరిగితే ఆ గంటను మిగుల్చుకోడు, ఇంకొంచెం దూరం పోతాడని. అన్నిచోట్లా అది అచ్చంగా నిజం కాకపోవచ్చు గాని మన లేఅవుట్ల ప్రకటనలు చూస్తే ఆయన్ని నమ్మబుద్ధేస్తుంది. ఫ్లైఓవర్ పూర్తయిన మర్నాడే, జంక్షన్ నుంచి ఇరవై నిమిషాలు అంటూ పది కిలోమీటర్ల అవతలి తోటలో ప్లాట్లు అమ్ముతారు.

మెట్రో వస్తే సరిపోదా అన్నది మూడోది. ఆ మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది వైపు ప్రధాన మార్గం అనుకుంటున్నారు. రానివ్వండి. బీఆర్‌టీఎస్ అనుభవం మాత్రం మరిచిపోవద్దు. పెందుర్తి వైపు, సింహాచలం వైపు బస్సులకు ప్రత్యేక వరుసలు అన్నారు. రోడ్డు గురించే ఆలోచించాం, రోడ్డు పక్క నేలలో ఎవరుండాలి, ఏముండాలి అని ఆలోచించలేదు. మెట్రో స్టేషన్ చుట్టూ అద్దెకుండేవాళ్లకు చోటు లేకుండా షోరూములే లేస్తే, స్టేషన్‌కు రావడానికి కూడా వాళ్లు బండే తియ్యాలి.

6. ఇక చెయ్యగలిగింది

గోడలన్నీ పడగొట్టమని నేననను. నేవీకి, రిఫైనరీకి గోడ ఉండాల్సిందే. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటలు చూసిన ఊరు మనది. ప్రమాదం ఉన్న చోటికి జనాన్ని దూరంగా ఉంచాలి. కానీ ప్రతి గోడా ప్రమాదాన్ని ఆపే గోడ కాదు. క్వార్టర్ల చుట్టూ, ఖాళీ నేల చుట్టూ, మైదానం చుట్టూ ఉన్న గోడలు అలవాటుగా కట్టినవి. వాటిలో మనుషులూ సైకిళ్లూ పోయే చిన్న దారులు తీస్తే చాలా ప్రయాణాలు సగమవుతాయి, దానికి ఫ్లైఓవరంత ఖర్చు కాదు. ఒకప్పుడు ఛానెల్ మీద జనాన్ని దాటించిన పడవలుండేవని పాత పట్నంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. భద్రత చూసుకుంటూనే అలాంటి దాటింపు మళ్లీ సాధ్యమా అని పోర్టూ నేవీ కార్పొరేషనూ ఒక బల్ల ముందు కూర్చుని తేల్చవచ్చు. యారాడకు మాత్రం రిసార్టులకంటే ముందు మామూలు రోజున జనం ఆ కొండ దాటి రావడానికి ఒక పని కావాలి. ఒక కాలేజీయో శిక్షణ కేంద్రమో మంచి ఆసుపత్రో అక్కడ పెడితే బస్సు రెండు వైపులా నిండుతుంది. ఊరివాళ్లకు ట్రిప్పులు దానంతటవే పెరుగుతాయి.

స్టీల్‌ప్లాంటు భూముల గురించి అప్పుడప్పుడూ ఏదో ఒక ప్రతిపాదన వస్తూనే ఉంటుంది. ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద ఈ సభలో అందరికీ ఒక మాట ఉంది, నాకూ ఉంది, అది ఇవాళ్టి విషయం కాదు. ఆ నేలలో గజం ఎవరికి ఇచ్చినా, దానివల్ల చుట్టుపక్కల ఎవరి నడక పోతుంది, ఎవరికి కొత్త దూరం వస్తుంది అని ఒక్క పేజీ రాసి జీవోకు జతచెయ్యాలి. పర్యావరణానికి నివేదిక అడుగుతున్నాం, దీనికీ అడుగుదాం.

చివరిగా మీకొక విజ్ఞప్తి. 2041 మాస్టర్ ప్లాను ముసాయిదాను వుడా స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏ 2021లో జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడిగింది. ఇలాంటివి వచ్చినప్పుడు మనం చూసేది మన ప్లాటులోంచి రోడ్డు పోతోందా లేదా అన్నదే. ఈసారి ప్లాను సవరణకు నోటీసు వచ్చినప్పుడు పటం తెప్పించుకోండి. మీ ఇంటి నుంచి బడి, మందుల షాపు, కూరల బజారు, బస్టాపు నడిచే దూరంలో ఉన్నాయో లేదో చూడండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఇంటి నుంచి కూడా చూడండి. లేకపోతే అదే అభ్యంతరంగా రాసి, సంతకం పెట్టి, గడువు లోపల ఇచ్చి, రసీదు తీసుకోండి.